మిరపకల్లంలో దగ్గని మనిషి

సినిమా హాళ్ళలో సౌండు బాగుచేసే పనిలో నా జీవితం గడిచింది. గుంటూరు నుంచి కనిగిరి దాకా హాళ్ళవాళ్ళందరికీ నేను ‘సౌండు మస్తాను’ని. ఇప్పుడు ఆ పనికి వచ్చే పిల్లలు సంచిలో లాప్‌టాప్ వేసుకుని వస్తున్నారు. మేం టూల్‌బాక్సు మోసి బస్సు టాపు మీద వేసేవాళ్ళం. ఆ పిల్లల్లో శ్రావణి అని ఒకమ్మాయి ఉంది. సింగరాయకొండ పిల్ల, హైదరాబాదులో ఒక సౌండు స్టూడియోలో పనిచేస్తుంది. “బాబాయ్, మీకు తెలిసిందంతా రాసి పెట్టండి, మాకు పనికొస్తుంది” అని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది.

తెలిసిందంతా రాస్తే ఎవరూ చదవరు. ఏ ఆంప్లిఫయరు ఎప్పుడు కాలిందో ఎవరికి కావాలి. అందుకని ఒక్క సినిమా గురించి రాస్తాను. అందులో ఒక చోట సౌండు ఉండదు. నా పని ఏమిటో నాకు తెలిసింది ఆ చోటే.

సినిమా పేరు మాత్రం చెప్పను. చెప్తే ఇది పక్కన పడేసి ఫోన్లో వెతుక్కుంటారు. మీ సంగతి నాకు తెలుసు.

రోజూ ఒకే చోట పోతున్న సౌండు

నేను పనిలో చేరిన కొత్త. మా గురువు డేవిడ్ గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, మాట తక్కువ. మిషను మూత తెరవబోతే వేళ్ళ మీద కొట్టేవారు. “ముందు హాల్లో కూర్చుని విను. తర్వాత మూత తియ్యి” అనేవారు. ఈ ఒక్క సంగతి నేర్చుకోనివాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. లాప్‌టాప్ తెరవగానే సెట్టింగులు మార్చేస్తారు, జబ్బేమిటో అడక్కుండా సూది పొడిచే డాక్టర్లలాగా.

కనిగిరి వైపు ఒక హాలు నుంచి కబురొచ్చింది. పాత సినిమా మళ్ళీ వేశారట. “రోజూ ఒకే చోట సౌండు పోతోందండీ, జనం కుర్చీలు విరగ్గొడుతున్నారు, వెంటనే రండి” అని ఓనరు గారి మాట. వెళ్ళి మ్యాట్నీకి జనం మధ్య కూర్చున్నాం.

కథ మామూలుదే. పెద్ద మోతుబరి ఇల్లు. చిన్నకోడలు కనిపించకుండా పోతుంది. పుట్టింటికి వెళ్ళిందని ఇంట్లోవాళ్ళు మొగుడికి చెప్తారు. అతను నమ్ముతాడు, లేక నమ్మినట్టు ఉంటాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మిరపకల్లం పక్కన పాక నీడలో కూర్చుని ఉంటాడు. కళ్ళు చెదిరే ఎండ. కల్లం నిండా ఆరబోసిన కాయలు. బ్లాక్ అండ్ వైట్ సినిమా గదా, ఎర్రటి కాయలన్నీ నల్లగా ఉంటాయి. చూపు ఆనినంత మేరా నలుపే. ఇటువైపు నుంచి తెల్ల చీర కట్టుకున్న ఆడమనిషి ఒకామె ఆ నలుపులోకి దిగి, కాయల మీద నడుచుకుంటూ అవతలికి పోతుంది. మొహం చూపించరు, వీపు ఒక్కటే. పాట లేదు, వాయిద్యం లేదు, కాకి అరుపు కూడా లేదు. పెళ్ళాం తిరిగొచ్చిందని అతను ముందు నవ్వుతాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ నవ్వు పోతుంది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పరు. ఆమె కల్లం దాటి పక్కకు వెళ్ళిపోతుంది. మనిషి లేని ఖాళీ కల్లం కాసేపు అలాగే ఉంటుంది. అంతే ఆ సీను.

మేం చూసిన రోజు ఆ సీను మొదలవగానే ముందు బెంచీల నుంచి ఈలలు, కేకలు. “ఒరేయ్ ఆపరేటరూ, సౌండ్ ఏదిరా!” నేను లేచి పైకి పరిగెత్తబోయాను. డేవిడ్ గారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

“మిషను బాగానే ఉంది. నువ్వు మిర్చి యార్డులో పెరిగినవాడివి గదా. ఆమె ఎందుకు దగ్గట్లేదో చెప్పు” అన్నారు.

మా నాన్న యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసేవాడు. పండగ రోజు కూడా ఆయన దగ్గుతోనే మా ఇల్లు నిద్ర లేచేది. మా వైపు పుట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఎండిన కాయ మీద కాలు పడితే పొడి లేస్తుంది, ముక్కు, గొంతు మండుతాయి. మోతుబరైనా కూలివాడైనా దగ్గాల్సిందే. ఇంకో సంగతి. దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తాం. ఘాటు వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. మా వీధిలో సాయిబుల ఇళ్ళైనా కమ్మోళ్ళ ఇళ్ళైనా ఈ లెక్క ఒకటే. ఘాటు పుట్టాల్సిన చోట పుట్టలేదంటే అక్కడ కంటికి కనపడనిదేదో ఉందని మాకు చిన్నప్పుడే అలవాటైన భయం.

కల్లం మీద నడిచి దగ్గలేదంటే ఆమె ఊపిరి తీసుకోవట్లేదు. మొగుడి నవ్వు పోయింది అందుకు. ఆ సినిమా తీసినాయన దయ్యాన్ని చూపించడానికి పొగ వెయ్యలేదు, జుట్టు విరబోయలేదు, గజ్జెలు మోగించలేదు. పట్టపగలు, మిట్ట ఎండలో, రావలసిన చిన్న చప్పుడు ఒకటి రాకుండా చేశాడు. అప్పటిదాకా మన సినిమాల్లో దయ్యాలన్నీ రాత్రిపూట పాటలు పాడుకునేవి. ఆ రోజుల్లో ఒక మనిషికి ఇలాంటి ఆలోచన ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇదంతా ఓనరు గారికి చెప్పాం. ఆయన నోట్లో కిళ్ళీ పక్కకు తోసి, “బాగానే ఉందండీ. మరి జనం డబ్బిచ్చి నిశ్శబ్దం వినటానికి వస్తారా? ఇంట్లో లేదా ఏంది అది?” అన్నారు. మర్నాటి నుంచి ఆ సీనుకు ఆపరేటరు చేత సన్నాయి రికార్డు ఒకటి వేయించారు. కేకలు ఆగిపోయాయి. జనం సోడాలు తాగుతూ ఆ సీను చూశారు. ఓనర్లలో ఆయన మంచివాడే, మా భోజనం ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. కానీ బతికున్న సీనును చంపడం నా కళ్ళారా చూసింది అక్కడే. తర్వాత చుట్టుపక్కల హాళ్ళు కూడా అదే పద్ధతి పట్టాయి. ఈ సినిమాలో సన్నాయి పాట ఉందని ఇప్పటికీ వాదించే ముసలివాళ్ళు ఉన్నారు. ఉత్తదే, నమ్మకండి.

ఫ్యాన్లు ఆగిన రోజు

కొన్నాళ్ళకు అదే ప్రింటు దాచేపల్లి దగ్గర ఒక హాలుకు వచ్చింది. ఆ హాలుకు మేం తరచూ వెళ్ళేవాళ్ళం. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పట్టి మిషన్లు ఊరికే మొరాయించేవి. చూసేవాళ్ళు కూడా అక్కడ పనిచేసేవాళ్ళే, ఎప్పుడూ దగ్గే జనం. ఒకరోజు మార్నింగ్ షోకి కరెంటు సరిగా లేదు. జనరేటరు మీద మిషను నడిపి ఫ్యాన్లు ఆపేశారు. రికార్డు వేసే గ్రామఫోను కూడా ఆ హాల్లో లేదు.

కల్లం సీను వచ్చింది. ఉక్కకు జనం సోలిపోయి ఉన్నారు, అరిచే ఓపిక ఎవరికీ లేదు. అంత నిశ్శబ్దం ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ఒకామె, పక్కామెతో చెప్పినట్టు మెల్లగా, “అమ్మో, దగ్గట్లేదే” అంది.

ఆ మాట హాలంతా వినపడింది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి వెనక బెంచీలో ఒకాయన దగ్గాడు. ఆయన పక్కన ఇంకొకరు. మెల్లగా ఒక్కొక్కరే, మగా ఆడా, పిల్లలూ కూడా దగ్గడం మొదలుపెట్టారు. నేనూ దగ్గాను. గొంతులో ఏమీ లేదు. నేను బతికే ఉన్నానా అని చూసుకున్నట్టుగా ఉంది. వాళ్ళదీ అదేనేమో, నేను అడగలేదు.

దగ్గులు సద్దుమణిగే సరికి తెర మీద ఆమె వెళ్ళిపోయింది, ఖాళీ కల్లం ఉంది. అప్పుడు ఇంకో దగ్గు వినిపించింది. చాలా చిన్నది, చీర చెంగు నోట్లో కుక్కుకుని దగ్గినట్టు. అది జనంలోంచి రాలేదు. తెర వెనక స్పీకర్లోంచి వచ్చింది.

బయటికొచ్చాక డేవిడ్ గారు బీడీ వెలిగించుకుని, “విన్నావా?” అన్నారు. విన్నానన్నాను. ఆ కల్లం సీనుకు సౌండు మిషను కూడా అక్కడికే తీసుకెళ్ళి, ఆ ఎండలోని నిశ్శబ్దాన్నే రికార్డు చేశారట. అది ఆ రోజుల్లో ఎవరూ చేయని పని. అందుకే ఆ దగ్గు కూడా ఫిల్ము మీదకి ఎక్కింది.

“కెమెరా ముందు చచ్చిపోయింది, పక్కకెళ్ళి బతికింది పాపం” అన్నారాయన.

ఒకటిన్నర స్పీడు

ఇన్నేళ్ళ తర్వాత పోయినేడు శ్రావణి ఫోను చేసింది. ఆ సినిమా పాత నెగటివ్ దొరికిందని, గీతలు తుడిచి, గరగర తీసి కొత్తగా విడుదల చేస్తున్నారని, సౌండు శుభ్రం చేసే పని తనకే వచ్చిందని చెప్పింది.

“సినిమా చూశావా?” అన్నాను.

“చూశాను బాబాయ్. ఫోన్లో, ఒకటిన్నర స్పీడులో. నిజం చెప్తే తిడతారు గానీ, బోరు. ఆ కల్లం సీను గొప్పదంటారు, అందులో ఏం జరగదు గదా.”

తిట్టాను. తర్వాత నా తప్పు లేకుండా ఆ సినిమాలో లోపాలు కూడా చెప్పాను. హాస్యం భరించలేం. హీరో నాటకంలోలాగా చేతులు ఊపుతాడు. అత్తగారిని మరీ రాక్షసిని చేశారు. పాత సినిమా గదా అని ఇవన్నీ మెచ్చుకోవాల్సిన పని లేదు. నచ్చనిది నచ్చలేదని చెప్పొచ్చు. కాకపోతే ఒక్క మర్యాద ఇవ్వాలి. ఎంత సేపు నడిపించారో అంత సేపూ మనం కూర్చోవాలి. ఆమె నడకను స్పీడు పెంచి చూస్తే మనకు ఊపిరి బిగపట్టే టైమే ఉండదు. అక్కడేం జరగట్లేదో చూడు, అదే అక్కడ జరిగేది అని చెప్పాను. సింగరాయకొండ పిల్ల కాబట్టి మిరపకాయ సంగతి విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు మళ్ళీ తనే చేసింది. గొంతు మారింది. “బాబాయ్, గది తలుపేసుకుని మామూలు స్పీడులో చూశాను. ఇంక ఒక్కదాన్నే ఆ గదిలో కూర్చోలేకపోయాను” అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఖాళీ కల్లం మీద ఒక దగ్గు ఉంది. గరగర తీసేశాక అది స్పష్టంగా వినపడుతోంది. దయ్యం దగ్గితే సీను చెడిపోతుంది గదా, తీసెయ్యనా అని అడిగింది.

“ఆగు. దాని గురించి అడగాల్సిన మనిషి ఇక్కడ ఉంది” అన్నాను.

కోటమ్మక్క

ఆ సీనులో నడిచింది హీరోయిన్ కాదు. ఎండలో కాయల మీద నడిస్తే ఆవిడ కాళ్ళు బొబ్బలెక్కాయట, రెండడుగులకే దగ్గి కూలబడిందట. వినుకొండ అవతల ఊళ్ళో ఆ కల్లంలో పనికిరాని తాలుకాయలు ఏరే కూలిమనిషిని పిలిచి చీర కట్టి నడిపించారు. ఆమె పేరు రత్తమ్మ. సినిమాలో పేరు వెయ్యలేదు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే జ్వరం వచ్చి చనిపోయింది. చచ్చినదానిలాగా నడిచి మృత్యువును పిలుచుకుందని ఊరు అనుకుంది. అప్పటికి ఆమె కూతురు పాకే పిల్ల.

ఆ కూతురు కోటమ్మక్క. మా పక్క వీధిలో ఉంటుంది, మొన్నమొన్నటి దాకా కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఇంట్లో రత్తమ్మ ఫొటో లేదు. అమ్మమ్మ ఆ సినిమా మాటెత్తనిచ్చేది కాదు. పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి హాలుకు వెళ్తే, ఆ ఊరి ఓనరు ఆ సీను మొత్తం కత్తిరించి పారేశాడు. అలా కోటమ్మక్క తన తల్లిని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూపు మందగిస్తోంది. ఒక కన్ను దాదాపు పోయింది, రెండోదాని గురించి కూడా డాక్టరు నమ్మకంగా చెప్పలేదు. చూస్తే ఇప్పుడు చూడాలి. ఆ వీపు తప్ప ఆమెకు తల్లి గుర్తు ఇంకేదీ లేదు.

శ్రావణి ఊరికొచ్చినప్పుడు కోటమ్మక్క ఇంటికి తీసుకెళ్ళాను. బొమ్మ పెద్ద తెర మీదే చూస్తాను, ముందు చప్పుడు వినిపించమని అక్క అడిగింది. శ్రావణి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. అక్క కళ్ళు మూసుకుంది. చాలాసేపు మొహంలో ఏమీ లేదు. తర్వాత ఎవరో వెనక నుంచి పిలిచినట్టు భుజాలు అదిరాయి.

“ఇంకోసారి పెట్టమ్మా” అంది. మళ్ళీ విన్నది. మూడోసారి కూడా పెట్టించుకుంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, “మా అమ్మ కనపడేటప్పుడు దగ్గిందా, కనపడకుండా పోయాక దగ్గిందా?” అని అడిగింది.

“పోయాకేనమ్మా. అప్పుడు ఖాళీ కల్లమే ఉంటుంది” అంది శ్రావణి.

“అయితే తీసెయ్యండి.”

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. “ఏందక్కా నువ్వనేది? మీ అమ్మ గొంతు ఈ లోకంలో ఉన్నది అక్కడొక్క చోటే గదా. దాన్ని కూడా తుడిచేస్తే ఎట్టా?”

“నా ఫోన్లో ఎక్కించండి, నాకుంటే చాలు. ఊరందరికీ ఎందుకయ్యా?” అంది. తొడిమలు తీసి తీసి గట్టిపడిన వేళ్ళతో ఆ హెడ్‌ఫోన్లను తడుముతూ చెప్పింది. “కల్లంలో దగ్గు ఆపుకోవటం అంటే ఏందో నీకేం తెలుసు మస్తానూ. నేను జన్మంతా ఆ ఘాటులోనే కూర్చున్నా, ఒక్క పూట ఆపుకోలేకపోయా. మా అమ్మ ఆపుకుంది. చెప్పిన పని చేసి, పక్కకు పోయి దగ్గింది. ఆమె దాచుకున్నదాన్ని మనం బయటేసి పని చెడగొట్టటం దేనికి?”

శ్రావణి సీను చెడిపోతుందని తీసేద్దామంది, నేను జాలిపడి ఉంచుదామన్నాను. రత్తమ్మ పని తెలిసిన మనిషిలాగా మాట్లాడింది మాత్రం కోటమ్మక్క ఒక్కతే. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. మనం శుభ్రం చేసే ప్రతి గరగర వెనకా ఎవరో ఒక మనిషి కష్టం ఉంటుంది. తీసేముందు వీలైతే ఆ మనిషిని అడగాలి, లేకపోతే ఆ మనిషి బిడ్డను.

మార్నింగ్ షో

కొత్త ప్రింటు మా ఊరి హాల్లో మార్నింగ్ షోగా వేశారు. కాలేజీ పిల్లలు బాగా వచ్చారు, పాతవాళ్ళు కొద్దిమంది. కోటమ్మక్క చూపు కోసం బాగా ముందు వరసలో కూర్చున్నాం. శ్రావణి నాకు అవతలి పక్క కూర్చుంది. హీరో చేతులు ఊపినప్పుడల్లా పిల్లలు నవ్వారు, ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి.

కల్లం సీను వచ్చింది. కొత్త ప్రింటులో ఆ నలుపు మరీ లోతుగా ఉంది, కాలు పెడితే మునిగిపోయేలా. పాత హాళ్ళలో మిషను చప్పుడన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. రత్తమ్మ ఆ నలుపులోకి దిగింది. కోటమ్మక్క నా మణికట్టు పట్టుకుంది. పక్కకు చూస్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా, ఆ మిగిలిన కంటితో తెరను తాగేస్తోంది.

వెనక ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. సౌండు ఏదిరా అని ఎవరూ అరవలేదు. మొగుడి నవ్వు మెల్లగా పోయింది. పిల్లలకు లోపలెక్కడో తెలిసిపోయింది. హాల్లో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా ఆగిపోయినట్టు అనిపించింది. ఆ వీపు దూరమైపోతూ చిన్నదైపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కల్లం దాటి పక్కకు తప్పుకుంది. తెర మీద ఎండా, నల్లటి కాయలే మిగిలాయి.

అప్పుడు దగ్గు వినిపించింది.

ఆడపిల్లలు కొందరు కెవ్వున అరిచారు. వెనకాల ఎవరో కుర్చీలోంచి లేచారు. అదే దగ్గు, అదే చోట, నోట్లో చెంగు కుక్కుకుని దగ్గినట్టే ఉంది. తీసెయ్యమన్నా ఉంచేసిందని కోపంగా శ్రావణి వైపు తిరిగాను. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది. నేను ఉంచలేదు బాబాయ్ అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. జీవితమంతా చెవుల మీద బతికినవాణ్ణి, అది ఎటు నుంచి వచ్చిందో నాకు తెలియలేదు.

నా మణికట్టు మీద పట్టు వదులైంది. కోటమ్మక్క నోటి మీది చెంగు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ దగ్గింది, ఈసారి గట్టిగా. ఇంకా ఆ ఖాళీ కల్లం వైపే చూస్తూ నాతో మెల్లగా అంది.

“అమ్మ కనపడినంతసేపూ నేనూ ఆపుకున్నా మస్తానూ.”